పడకేసిన యూనియన్‌ని మళ్లీ లేపడం ఎలా?

తిరుపతి పక్కన రేణిగుంట నుంచి ఏర్పేడు దాకా రోడ్డు పక్కన చాలా ఫ్యాక్టరీ గేట్ల ముందు ఒక ఇనప బోర్డు కనిపిస్తుంది. తుప్పు పట్టి, రంగు వెలిసి, మీద రాసిన పేరులో సగం అక్షరాలే మిగిలి ఉంటాయి. షిఫ్టు దిగి వచ్చేవాళ్లని అడిగితే, "యూనియనా? ఉండాది నా, ఎవురో చూసుకుంటా ఉంటారు" అంటారు. జబ్బంతా ఆ 'ఎవురో'లోనే ఉంది.

నేను పద్నాలుగేళ్లు ఒక ఫ్యాక్టరీలో పనిచేశాను. అందులో ఆరేళ్లు యూనియన్ కోశాధికారిని. మా యూనియన్ ఎలా పడకేసిందో చెబుతాను. మూడేళ్ల జీతాల ఒప్పందం మీద మా నాయకులు నలుగురు ఒక హోటల్ గదిలో కూర్చుని సంతకాలు పెట్టి వచ్చారు. కోశాధికారినైన నాకే తెలీదు. మర్నాడు పొద్దున నోటీసు బోర్డు మీద చూశాను. క్యాంటీన్‌లో ఇడ్లీ ప్లేటు పట్టుకుని నా పక్కనే నిలబడిన ఒక పెద్దాయన, "సంతకం పెట్టినాక చెప్తే ఎట్టబ్బా? ముందే అడగాల గదా" అన్నాడు. ఆ నెల చందా కట్టినవాళ్లు మూడో వంతు కూడా లేరు. అందులో యాజమాన్యం తప్పేం లేదు. అచ్చంగా మాదే.

తర్వాత దాన్ని మళ్లీ లేపడానికి రెండేళ్లు పట్టింది. ఎలా లేపామో, ఎక్కడ బోర్లా పడ్డామో ఇక్కడ రాస్తున్నాను. మూడు నాలుగు వందల మంది పనిచేసే చోటు అనుకుని రాశాను. మీది హోటలైనా, ఆసుపత్రిలో హౌస్ కీపింగ్ కాంట్రాక్టైనా, చిత్తూరు పక్కన సీజన్‌లో నడిచే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అయినా కొలతలు మార్చుకుంటే చాలు.

ముందు ఒక కాగితం మీద మీ ఫ్యాక్టరీ గీయండి

మీటింగ్ పెట్టకండి, కరపత్రం వేయకండి. ఒక పెద్ద చార్టు కాగితం తెచ్చుకోండి. పాత క్యాలెండర్ వెనక వైపైనా సరే. డిపార్టుమెంట్లు గీయండి. ఒక్కో దానిలో ఏ షిఫ్టులో ఎంతమంది, వాళ్లలో పర్మినెంటు ఎవరు, కాంట్రాక్టు ఎవరు, ట్రైనీలు ఎవరు, ఆడవాళ్లు ఎందరు రాయండి. దాని పక్కనే ఇంకో గీత గీసి, ఎవరు ఏ బస్సులో వస్తారో రాయండి. పుత్తూరు బస్సు, శ్రీకాళహస్తి బస్సు, పాకాల బస్సు. మన వైపు ఫ్యాక్టరీల్లో మనుషులు లైను దగ్గర కన్నా కంపెనీ బస్సులోనే ఎక్కువ మాట్లాడుకుంటారు. లైనులో సూపర్‌వైజర్ ఉంటాడు, బస్సులో ఉండడు.

ఇప్పుడు ఒక్కో గుంపులో ఒక పేరు చుట్టూ సున్నా చుట్టండి. గట్టిగా అరిచేవాడి పేరు వద్దు. పీఎఫ్ క్లెయిమ్ ఆగిపోతే మిగతావాళ్లు ఎవరి దగ్గరికి పోతారో ఆ పేరు కావాలి. మా పుత్తూరు బస్సులో ఒక అక్క ఉండేది, ఎప్పుడూ మాట్లాడేది కాదు. కానీ హ్యాండ్‌బ్యాగులో రెండు పెన్నులు, ఒక స్టాంపు ప్యాడ్ పెట్టుకుని తిరిగేది. బస్సులో సగం మంది ఫారాలు ఆమే నింపేది. మా పాత కమిటీకి ఆమె పేరు కూడా తెలీదు. రెండేళ్ల తర్వాత ఎన్నికల్లో అందరికన్నా ఎక్కువ ఓట్లు ఆమెకే వచ్చాయి.

మూడు వందల మందికి ఇలాంటి పేర్లు ఇరవై దొరికితే చాలు. పది కూడా దొరకలేదంటే మీకు మీ ఫ్యాక్టరీ ఇంకా తెలియదన్నమాట. ఇంకో నెల తిరగండి.

ఇంటికి పోయి, నోరు కట్టేసుకుని వినండి

ఆ ఇరవై మంది ఇళ్లకి ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లండి. ఇద్దరుగా వెళ్తే మంచిది, ముగ్గురు వెళ్తే ఇంట్లోవాళ్లు హడలిపోతారు. ఐక్యత, పోరాటం లాంటి మాటలు గడప బయటే వదిలేయండి. "ఈ నెలలో నీకు ఒళ్లు మండిన రోజు ఏది?" అని అడిగి ఊరుకోండి.

ఊరుకోవడమే కష్టం. మనకి మైకు అలవాటు. గంటసేపు కూర్చుంటే మీరు మాట్లాడింది పదిహేను నిమిషాలు దాటకూడదు. బయటికొచ్చాక వాళ్ల మాటల్లోనే నోటుబుక్కులో రాసుకోండి. నేను జీతం గురించే చెబుతారని అనుకున్నాను. మొదటి పన్నెండు ఇళ్లలో జీతం మాట ముందుగా ఎత్తినవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లు చెప్పినవి వేరు: బాత్రూముకి పోవాలంటే టోకెన్ అడగాల్సి రావడం, ఓటీ (ఓవర్‌టైమ్) చేసిన గంటలు జీతం స్లిప్పులో కనపడకపోవడం, ఆదివారం రాకపోతే సోమవారం గేటు దగ్గర నిలబెట్టడం, బి షిఫ్టు బస్సు రాత్రి పదకొండున్నరకి ఆడపిల్లల్ని ఊళ్లోకి తీసుకెళ్లకుండా మెయిన్ రోడ్డు మీదే దింపేయడం.

ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి గదుల్లో ఉండే పిల్లల్ని మర్చిపోకండి. సత్యవేడు, నగరి వైపు నుంచి వచ్చేవాళ్లలో తమిళం మాట్లాడేవాళ్లు బోలెడు మంది. హిందీ, తమిళం వచ్చినవాళ్లని ఒక్కొక్కరిని వెంటబెట్టుకోండి.

చిన్నదే పట్టుకోండి, గెలిచేదే పట్టుకోండి

మేము మొదటిసారి చేసిన పొరపాటు నేరుగా జీతాల పెంపు మీద పడటం. చేతిలో నలభై మంది కూడా లేరు, అడిగింది ఐదు వేలు. యాజమాన్యం వారం రోజులు మౌనంగా ఉంది, ఆ మౌనానికే మేం చెదిరిపోయాం. రెండోసారి బి షిఫ్టు బస్సు పట్టుకున్నాం.

మొదటి సమస్య ఎలా ఎంచుకోవాలంటే, అది చాలామందికి నొప్పి పుట్టించేదై ఉండాలి. ఫలానా ఆయన ఊ అంటే రేపే మారిపోయేది కావాలి. గెలిస్తే అందరి కళ్లకీ కనపడాలి. ముఖ్యంగా, నాయకుడు ఒక్కడే గదిలోకి పోయి తెచ్చేది కాకూడదు, నలుగురూ చెయ్యి వేయాల్సింది కావాలి.

సంతకాలకి మేము వాడిన పద్ధతి చెబుతాను, మీరూ వాడుకోవచ్చు. అర్జీకి మొదటి సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. పైన పేరున్నవాడినే ముందు పిలుస్తారని భయం. అందుకని క్యాంటీన్ ప్లేటు బోర్లించి కాగితం మీద పెన్సిల్‌తో చుట్టూ గీసి, ఆ వలయం వెంబడి గుండ్రంగా సంతకాలు పెట్టించాం. మొదటివాడు ఎవడో, చివరివాడు ఎవడో తేలదు. మూడు ప్లేట్లు నిండాయి, నూట పద్దెనిమిది సంతకాలు. హెచ్ఆర్ మేనేజర్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎక్కడి నుంచి మొదలుపెట్టాలయ్యా?" అన్నాడు. పదకొండు రోజుల్లో బస్సు ఊళ్లోకి వచ్చింది.

గెలిచిన రోజు స్వీట్లు పంచండి, పంచుతూ చందా పుస్తకం కూడా తెరవండి.

ఇంకో తేలిక దారి పీఎఫ్ పాస్‌బుక్. వారానికి ఒకసారి టీ కొట్టు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల ఫోన్లో యూఏఎన్ (పీఎఫ్ నంబరు) తెరిచి డబ్బు జమ అవుతోందో లేదో చూపించండి. జీతం స్లిప్పులో పన్నెండు శాతం కోత ఉంటుంది, పాస్‌బుక్‌లో ఆ నెల ఖాళీగా ఉంటుంది. ముఖ్యంగా కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లకి. ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కూడా అంతే. నెల జీతం 21,000 లోపు ఉండి, కార్డు ఉందని కూడా తెలియనివాళ్లు ఆసుపత్రుల్లో అప్పులు చేస్తుంటారు. గంటసేపు ఇలా కూర్చుంటే పది ఉపన్యాసాల పని అవుతుంది.

పాతదాన్ని బాగుచేయాలా, కొత్తది పెట్టాలా?

వీలైనంతవరకు పాతదాన్నే. ఒకే ఫ్యాక్టరీలో నాలుగు జెండాలుంటే బాగుపడేది ఎవరో అందరికీ తెలుసు. పాత కమిటీని రాతపూర్వకంగా మూడు అడగండి: సభ్యుల జాబితా, లెక్కల పుస్తకం, నియమావళి కాపీ. లెక్కలు, జాబితా చూసే హక్కు మామూలు సభ్యుడికి కూడా ఉంది. చూపిస్తే కలిసి పనిచేయండి. కోపం ఉన్నా సరే, ఆ పాతవాళ్లలో ఇద్దరు ముగ్గురికి తెలిసినంత మనకి తెలియదు. ఆరు నెలలు తిప్పించుకుని చూపించకపోతే అప్పుడు కొత్తది.

కొత్తది రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు దరఖాస్తు చేయాలి. దరఖాస్తు పెట్టే రోజుకి అక్కడ పనిచేసేవాళ్లలో పది శాతమో లేక వంద మందో, రెండిట్లో ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. ఎంత చిన్న చోటైనా ఏడుగురికి తగ్గకూడదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చినా ఈ లెక్క అలాగే ఉంది. సంఘం పెట్టుకునే హక్కు మటుకు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది, ఎవరి దయా కాదు.

ఆ 1926 చట్టం పుట్టుక వెనక మన పక్కింటి కథే ఉంది. చిత్తూరు జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1918లో మద్రాసు బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు కార్మికుల కోసం బి.పి. వాడియా మద్రాసు లేబర్ యూనియన్ పెడితే, యాజమాన్యం హైకోర్టుకి పోయి ఆయన మీద ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెచ్చుకుంది. సంఘం పెట్టడమే నేరమైతే ఎట్లా అని 1921లో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టాడు. చట్టం రావడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. మీ దరఖాస్తు ఆఫీసులో రెండు నెలలు ఆగితే టెన్షన్ పడకండి.

నియమావళిని ఎక్కడినుంచో జిరాక్స్ తీసి పెట్టేయకండి. కూర్చుని చదవండి. ఎన్నికలు ఎన్నాళ్లకి, ఎవరిని ఎలా దించొచ్చు, జనరల్ బాడీ (సభ్యులందరి సమావేశం) ఎవరు పిలవొచ్చు, డబ్బు ఎవరి చేతిలో, ఆడిట్ ఎప్పుడు అన్నవి అక్కడ సరిగ్గా లేకపోతే తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం లేదు. ఎన్నికలకి మూడేళ్లు రాయండి. నూట ఇరవై మంది సభ్యులు సంతకం పెడితే కమిటీ ఇష్టంతో పనిలేకుండా జనరల్ బాడీ జరగాలని రాయండి. ఆ అంకె మీ సంఖ్యని బట్టి.

బయటి నాయకుల సంగతి. ఆఫీస్ బేరర్లలో, అంటే యూనియన్ పదవుల్లో ఉన్నవాళ్లలో, బయటివాళ్లు మూడో వంతుకి మించకూడదు, లేదా ఐదుగురికి మించకూడదు, ఏది తక్కువైతే అది. అసంఘటిత రంగంలోనైతే సగం దాకా ఉండొచ్చు. పెద్ద సంఘాల్లో ఇరవై ముప్పై ఏళ్లు అరిగిన చెప్పులతో తిరిగిన మనుషులున్నారు, వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. లాయరు కూడా కావాలి. కానీ అధ్యక్షుడి కుర్చీ మీ లైనులో మనిషిదే. మెషిన్ ఆగితే ఎవడి చెయ్యి నలుగుతుందో వాడే అక్కడ కూర్చోవాలి. ఏ కేంద్ర సంఘానికి అనుబంధంగా ఉండాలన్నది కమిటీ కాదు, రహస్య ఓటుతో జనరల్ బాడీ తేల్చాలి.

డబ్బు లెక్క గోడ మీద అతికించండి

యూనియన్లని ముంచేది ఎక్కువగా లాఠీ కాదు, అనుమానం. "చందా డబ్బుతో బిర్యానీ తిన్నారంట" అన్న ఒక్క మాట చాలు. నిజం కాకపోయినా చాలు.

చందా చేతికే తీసుకోండి, రసీదు ఇవ్వండి. జీతంలోంచి కోయించుకుంటే సులువే. అయితే కంపెనీ ఆపేసిన నెల మీ యూనియన్ ఊపిరి ఆగిపోతుంది, పైగా నెలకోసారి మనిషిని పలకరించే పని తప్పిపోతుంది. చందాకి పోయినప్పుడే తిట్లు వినాలి. ఆ తిట్లే మీకు వార్తాపత్రిక. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టించండి. నెల మొదటి వారంలో ఒక ఎ4 కాగితం మీద వచ్చింది, పోయింది రాసి అందరూ చూసే చోట అంటించండి. మా కాగితం ఇలా ఉండేది: చందా 6,150. లేబర్ ఆఫీసుకి ఆటో 160. జిరాక్స్ 84. టీ 210. మొదటి నెల ఆ టీ 210 మీద అరగంట రభస జరిగింది. రెండో నెల ఎవరూ అడగలేదు, కానీ ఆగి చదివారు.

ఎన్నిక, ప్రతినిధులు

పదిహేను ఇరవై మందికి ఒక ప్రతినిధి. లైనువారీగా, షిఫ్టువారీగా ఎన్నుకోండి. కాంట్రాక్టువాళ్లకి, ఆడవాళ్లకి వాళ్ల సంఖ్యకి తగ్గ స్థానాలు ముందే కేటాయించండి. 'ఏకగ్రీవం' అనే మాట వినగానే జాగ్రత్తపడండి, సగంసార్లు అది ముందురోజు రాత్రి ఎవరింట్లోనో జరిగిన బేరం. పోటీ ఉండనివ్వండి. ఓటు చీటీల కోసం మేము నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్‌లో పెద్ద గిన్నెకి గుడ్డ కట్టి, మధ్యలో చీలిక పెట్టాం. లెక్కపెట్టడానికి వేరే డిపార్టుమెంటు నుంచి ఇద్దరిని పిలిచాం. ఒకరు రెండు విడతలకి మించి ఒకే పదవిలో ఉండకూడదని రాసుకున్నాం. నేను దిగిపోయింది అందుకే. కొంచెం బాధేసింది, అబద్ధం చెప్పను.

మీటింగ్ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి పెట్టి పదకొండుకి ముగించేయండి. తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలోనూ, బ్రహ్మోత్సవాలప్పుడూ పెట్టకండి, మనుషులు రారు. చెప్పులు బయట విడిచినట్టు ఫోన్లు కూడా పక్కన పెట్టించండి. వాట్సాప్ గ్రూపు సమాచారానికే, నిర్ణయాలకి కాదు. అక్కడ రాసింది అరగంటలో హెచ్ఆర్ టేబుల్ మీద ఉంటుందనుకునే రాయండి.

కంపెనీ లోపలి కమిటీల్లోకి మీ మనుషుల్ని పంపండి

పనిచోట ప్రజాస్వామ్యం అంటే అదేదో పెద్ద మాటలా ఉంటుంది. పరిశ్రమల నిర్వహణలో కార్మికులకి భాగం ఉండాలని రాజ్యాంగంలో 43ఎ అధికరణం 42వ సవరణతో వచ్చింది. ఆచరణలో అది మొదలయ్యేది ఒక బల్ల, ఆరు కుర్చీలు, ఒక మినిట్స్ పుస్తకం దగ్గర.

ఇరవై మంది, అంతకన్నా ఎక్కువమంది కార్మికులున్న ప్రతి చోటా ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని కోడ్ చెబుతుంది. యాజమాన్యం వైపు ఎందరో కార్మికుల వైపూ అందరే, మొత్తం పదిమందికి మించకూడదు. ఛైర్మన్ పదవి ఒక ఏడాది వాళ్లకి, ఒక ఏడాది మనకి. మహిళలు పనిచేసే నిష్పత్తికి తగ్గకుండా కమిటీలో ఉండాలి. ఫిర్యాదు సంగతి జరిగిన ఏడాదిలోపు ఇవ్వాలి, కమిటీ ముప్పై రోజుల్లో తేల్చాలి. కార్మికుల వైపు సభ్యుల్లో సగానికి మించి ఒప్పుకుంటేనే అది నిర్ణయం అవుతుంది, లేకపోతే నిర్ణయం కాలేదనే లెక్క. ఈ చివరి వాక్యం బట్టీ పట్టండి. మీవాళ్లలో సగానికి మించి మెత్తబడితే తప్ప మీ మీద ఏదీ రుద్దలేరు.

వంద మంది, అంతకన్నా ఎక్కువమంది ఉంటే వర్క్స్ కమిటీ వేయమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. అందులో కార్మికుల సంఖ్య యాజమాన్యం వాళ్ల కన్నా తగ్గకూడదు. రిజిస్టరైన యూనియన్ ఉంటే దాన్ని సంప్రదించే ప్రతినిధుల్ని ఎంచాలి.

చాలా చోట్ల ఈ కమిటీలు కాగితం మీదే ఉంటాయి. ఎవరున్నారని అడిగితే టైమ్ ఆఫీసులో గుమాస్తా పేరు చెబుతారు. కాబట్టి ముందు పేర్ల జాబితా రాసిమ్మని అడగండి. తర్వాత మన వైపువాళ్లని ఓటుతో ఎన్నుకుని పేర్లు పంపండి. వెళ్లేవాళ్లకి మూడు జాగ్రత్తలు చెప్పండి. ఖాళీ పేజీలో హాజరు సంతకం పెట్టొద్దు, ఆ పైన తర్వాత ఏదైనా రాయొచ్చు. ఫిర్యాదుతో పాటు తేదీ, షిఫ్టు, మెషిన్ నంబరు, చూసినవాళ్ల పేర్లు పట్టుకెళ్లాలి. బయటికి రాగానే ఏం జరిగిందో ఆ సాయంత్రం బస్సులోనే చెప్పాలి.

కాంట్రాక్టువాళ్లు లేకుండా ఏదీ నిలబడదు

పర్మినెంటువాళ్లు నూరు మంది, కాంట్రాక్టు రెండొందల మంది ఉన్నచోట నూరు మందితో యూనియన్ నడిపితే, అది క్లబ్బు. "వాళ్లు వస్తే మన బోనస్ తగ్గుతుంది" అనేవాళ్లు మీలోనే ఉంటారు, వాళ్లతోనే ముందు మాట్లాడండి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే చెల్లించాలని చట్టంలో ఉంది. గేటు పాసు, మస్టరులో (హాజరు పట్టీలో) పేరు, బ్యాంకులో పడిన జీతం, కంపెనీ బస్సులో ఎక్కిన రోజులు, ఇవన్నీ సాక్ష్యాలే. వీటిని ఫోటో తీసి పెట్టుకోమని ప్రతి ఒక్కరికీ చెప్పండి. కాంట్రాక్టరు మారినప్పుడు పాతవాళ్లని తీసేయకుండా చూడటమే వాళ్లకి మీరు చేయగల మొదటి మేలు.

చర్చలకి వెళ్లేటప్పుడు

మస్టరులో ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతు ఉన్న యూనియన్‌కి చర్చల యూనియన్‌గా గుర్తింపు వస్తుంది. ఎవరికీ అంత లేకపోతే, కనీసం 20 శాతం ఉన్నవాళ్లతో చర్చల మండలి. కాబట్టి ఇల్లిల్లూ తిరిగిన ఆ రోజులు ఇక్కడ పనికొస్తాయి.

ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదు, ముగ్గురికి తగ్గకూడదు. హోటల్ గదుల్లో కూర్చోకూడదు, కంపెనీ భోజనం తినకూడదు. చివరిది చాదస్తమని నవ్వారు మావాళ్లు. నేను మార్చలేదు. ఏ రోజు మాట ఆ రోజు చెప్పండి. చివరి ముసాయిదా తెలుగులో రాసి, తమిళంవాళ్లకి చదివి వినిపించి, ఓటుకి పెట్టాకే సంతకం.

మన వి.వి. గిరి ట్రిబ్యునళ్ల చుట్టూ తిరగడం కన్నా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మేలని నమ్మినవాడు. బ్యాంకు ఉద్యోగుల అవార్డుని, అంటే ట్రిబ్యునల్ తీర్పుని, ప్రభుత్వం మార్చిందని 1954లో కార్మిక మంత్రి పదవికే రాజీనామా ఇచ్చాడు. ఎదురెదురుగా కూర్చోమన్న ఆయన మాట నాకు ఇష్టం. కానీ ఎదురుగా కూర్చోవాలంటే వెనకాల జనం కనపడాలి.

సమ్మె గురించి తొందరపడకండి. పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లేబర్ అధికారి ముందు రాజీ చర్చలు నడుస్తుండగా చేయకూడదు. సగం మంది ఒకే రోజు మూకుమ్మడిగా సెలవు పెట్టినా సమ్మె కిందకే వస్తుంది, అది తెలియక 'సెలవే కదా' అని ఇరుక్కున్నవాళ్లున్నారు. రహస్య ఓటులో ముప్పాతిక మంది సరే అనకపోతే నోటీసు ఇవ్వకండి. ఈలోపు ఎవరినైనా వేరే డిపార్టుమెంటుకి మార్చినా, ఛార్జిషీటు ఇచ్చినా నోటి మాటలొద్దు. కాగితం తీసుకున్న తేదీ, టైము రాసి సంతకం పెట్టండి, జవాబు గడువులోపు ఇవ్వండి, ఆ మనిషి ఇంటికి ఆ వారమంతా ఎవరో ఒకరు వెళ్లండి. యూనియన్‌లో చేరినందుకు బెదిరించడం అక్రమ కార్మిక విధానమని చట్టమే చెబుతోంది.

ఒప్పందం అయ్యాక ప్రతి సభ్యుడికీ ఒక జిరాక్స్ ఇవ్వండి. నాలుగు పేజీలే ఉంటుంది, తలా ఎనిమిది రూపాయలు. పైన ఎర్ర పెన్నుతో అది ముగిసే తేదీ రాయండి. దాని కింద, సరిగ్గా ఆరు నెలల ముందటి తేదీ కూడా రాయండి. ఆ రోజున మళ్లీ చార్టు కాగితం కొనుక్కురావాలి.